పెంకు కింద గుడ్లు

కూతురు వెళ్తూ వెళ్తూ వరండాలో ఒక గాజు తొట్టె పెట్టి, అందులో రెండు చేపలు వదిలి, "వీటిని నీ చేతిలో పెట్టి పోతున్నానమ్మా" అంది. చిటికెన వేలంత వాగు చేపలు. కదలకపోతే గులకరాళ్లే అనుకుంటాం. పొట్ట కింది రెక్కలు చిన్న గిన్నెలా కలిసిపోయి ఉంటాయి. వాటితో రాయిని కరుచుకుని, ఎంత వరదొచ్చినా కొట్టుకుపోకుండా ఉంటాయట. పారే నీళ్లు లేకపోతే బతకవు కాబట్టి తొట్టెలో మోటారు పగలూ రాత్రీ తిరగాల్సిందే.

ఆ రోజు నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. కరెంటు పోతే భయం, నీళ్లు వేడెక్కితే భయం, పిల్లి అటు చూస్తే భయం. అయినా తొట్టెను ప్రాణంలా చూసుకుంది, కూతురు ఇంకో మాట కూడా అంది మరి. "ఇవి ఇంట్లో గుడ్లు పెట్టడం మావాళ్లెవరూ చూళ్లేదు. పెడితే ఒక్క మాట చెప్పు, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి వచ్చేస్తా."

కొండల్లో వాగులెంట తిరిగి చేపల్ని లెక్కపెట్టే ఉద్యోగం ఆ పిల్లది. అమ్మ రమ్మంటే సెలవు దొరకదు. చేప గుడ్లకైతే దొరుకుతుంది. సరే, అలాగైనా రానీ అనుకుంది తల్లి. ఎండాకాలమంతా పొద్దున లేస్తూనే మొహం కూడా కడుక్కోకుండా తొట్టె ముందు చతికిలబడి, "నీకు దణ్ణం పెడతా, త్వరగా కానీవే" అని ఆడచేపను బతిమాలేది.

ఎదురింటి టైలరమ్మ నవ్వేది. "కోడలు నీళ్లోసుకుందా లేదా అని అత్తలు కూడా ఇంతలా కాచుకోరక్కా."

చివరికి వానలు ముదిరాక పెట్టింది. గాజుకు ఆనించి బోర్లించిన కుండపెంకు లోపల, ఆవగింజలకన్నా చిన్నవి, వరసగా అంటుకుని ఉన్నాయి. మగచేప వాటి కిందే కాపలా ఉండి రెక్కలతో నీళ్లు విసురుతోంది. ఆడది తనకేం పట్టనట్టు దూరంగా రాయి మీదుంది.

తల్లి టైలరమ్మను కేకేసి చూపించింది. ఫోను అందుకోబోతుంటే టీవీలో కూతురు దిగిరావాల్సిన కొండదారి కనిపించింది. బురద, విరిగిపడ్డ బండలు, వాటి ముందు ఆగిపోయిన బస్సు. చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతలో ఫోను దానంతటదే మోగింది. కూతురే.

"అమ్మా, గుడ్లేమైనా పెట్టాయా?"

"నువ్వు తిన్నావా?"

"తిన్నా. పెట్టాయా?"

"అక్కడ వానేనా?"

"ఆకాశానికి చిల్లు పడింది. మేముండే చోటు ఎత్తు మీదుంది, మాకేం కాదులే. చెప్పమ్మా. పెట్టుంటే ఇప్పుడే ఒక జీపు కిందికి పోతోంది, ఎక్కేస్తా."

తల్లి పెంకు వైపు చూసింది. ఎక్కేయమ్మా అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది.

"లేదు తల్లీ. ఇంకా ఏం లేదు."

"ఈ వంకనైనా వద్దామనుకున్నానే అమ్మా" అని ఫోను పెట్టేసింది కూతురు.

పక్కనే ఉండి అంతా విన్న టైలరమ్మ తల కొట్టుకుంది. "నోటిదాకా వచ్చిన ముద్దను నేలపాలు చేసుకున్నావేంటక్కా?"

"ఆ రోడ్డు చూశావుగా."

"పోయే బండ్లన్నిటి మీదా రాళ్లు పడతాయా?"

"పడవని నువ్వు రాసిస్తావా?"

"వాన తగ్గేసరికి ఇవి పిల్లలై ఈదేస్తాయి. తెలిస్తే నిన్ను తిట్టిపోస్తుంది."

"తిట్టనీ. నా ఎదురుగా కూర్చుని ఎంతసేపైనా తిట్టనీ."

తల్లి కొంగుతో గాజు తుడిచి, ఫోను టైలరమ్మ చేతికిచ్చింది.

"దీంట్లో వీడియో ఎలా తీస్తారో చూపించు. పంపడం మాత్రం నేర్పకు. చెయ్యి ఊరుకోదు."