మారెమ్మ ఉసిళ్ల కుండ

తొలకరి వానకు పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఉసిళ్లను పట్టడం ఆళ్లగడ్డ చుట్టుపక్కల చాలామందికి వచ్చు. ఈ మారెమ్మకు వచ్చినట్టు మాత్రం ఎవరికీ రాదు. మూతి విరిచేవాళ్లు విరుచుకోండి, నాకేం? మాది నల్లమల అంచున గూడెం. పుట్ట మీద చెయ్యి ఆనించి ఉసిళ్లు ఈ పూట లేస్తాయో రేపు లేస్తాయో మా అమ్మ చెప్పేది. ఆమె తర్వాత నేనే. పెంకు మీద వేయించి, రెక్కలు చెరిగి, బొరుగుల్లో కలిపి సంతకు తీసుకుపోతే ఎగబడి కొనేవాళ్లు. నా కుండలోవి తిని కడుపునొప్పి అన్నవాడు ఒక్కడూ లేడు.

యాభైఏడో సంవత్సరం, మృగశిర కార్తె. పెద్ద రైతు ఆదినారాయణ కూతురు జయమ్మ కాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఏం పెట్టినా సయించడం లేదట, ఉసిళ్లయితే తింటానందట. ఆయన తానే మా గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మా చేని గట్టున పుట్టుంది మారెమ్మా. వాన పడతానే రా. మొదటి కుండ మా జయమ్మకే" అన్నాడు. నాకు గర్వంగా ఉండదా మరి!

వాన పడిన మర్నాడు తెల్లారేసరికి పుట్ట దగ్గరున్నాను. చుట్టూ పుల్లలు గుచ్చి గొంగడి కప్పాను. ఒక్క పక్క మాత్రం వెలుతురు పడేలా సందు వదిలి, దాని కింద గుంత తవ్వి కుండ పెట్టాను. ఉసిళ్లు వెలుతురు వైపే వచ్చి కుండలో పడతాయి. కాసేపటికి బిలబిలమంటూ లేచాయి. అబ్బ, ఏం లేవడం! గట్టు మీద ఆదినారాయణ, జయమ్మ, నలుగురు కూలీలు నిలబడి చూస్తున్నారు.

కుండలో చెయ్యి పెట్టాను. మామూలుగా అయితే చేతి మీదికి ఎగబాకి వచ్చేవి. ఇవి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. వేళ్లు వాసన చూసుకుంటే ముక్కు పగిలే ఘాటు. కుండ పైకెత్తి గుంతలో బోర్లించేశాను.

"ఏందే నువ్వు చేస్తాండేది?" ఆదినారాయణ అరుచుకుంటూ వచ్చాడు. "బిడ్డ నోటికాడిది పారబోస్తావా? పొగరెక్కిందా?"

"ఇవి తినేటివి కాదప్పా. పుట్టలో ఏమేసినావ్?"

"చెదలు కొట్టం గుంజలు తినేస్తాండాయని మందు పొడి కొట్టించినా. అది చెదలకు! ఉసిళ్లకు కాదు గదా!"

"రెక్కలొచ్చిన చెదలేనప్పా ఉసిళ్లంటే!"

"నాకు చెప్తాండావా? పుట్టినకాడి నుంచి తింటాండా!" అంటూ వంగి, పచ్చివే పిడికెడు తీసి నోటి దాకా తీసుకుపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చేతి మీద చాచి కొట్టాను. ఉసిళ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. కూలీలు నోళ్లు తెరిచారు. గూడెందాన్ని, ఊరి రైతును కొట్టాను మరి! ఇక సంతలో నన్ను కుండ దించనివ్వరని, గూడెం మీదికి మనుషులొస్తారని భయం వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"నన్ను కొట్టుకో, సంపుకో. నా కుండలోది తిని నీ బిడ్డకేమన్నా అయితే నేను బతికుండలేనప్పా" అన్నాను.

ఆయన గుంతలోకి చూశాడు. ఉసిళ్లలో ఒక్కటీ కదలడం లేదు. తర్వాత కూతురి కడుపు వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"నాయనా, ఆయమ్మ చేతులకంతా మందే గదా!" అంది జయమ్మ.

ఆయన బావి దగ్గరికి పరిగెత్తాడు. చేద అందుకోబోయిన కూలీని పక్కకు నెట్టి, తనే నీళ్లు తోడాడు. నీ చెయ్యి కడుక్కో అప్పా అని నేనంటే, "ముందు నువ్వు" అన్నాడు. అందరూ చూస్తుండగా నా చేతుల మీద నీళ్లు పోశాడు.

"బాగా రుద్దుకో మారెమ్మా. గోర్ల సందున గూడా" అన్నాడు.

నేను నింపాదిగా రుద్దుకున్నాను. ఇంకో చేద తోడమన్నాను. తోడాడు.