రెడ్డిగూడెం తోటలో ప్రోగ్రాం

జోజిబాబు పాట వాళ్ళమ్మ ఎన్నడూ వినలేదు. రెడ్డిగూడెం మామిడితోటలో ప్రోగ్రాం అనగానే అతను ఎగిరి గంతేసింది అందుకే. వాళ్ళమ్మ కృపావతమ్మ ఆ వేసవిలో అక్కడే కాయ కోతకి వెళ్తోంది. తోటి ఆడవాళ్ళు వేరే ఊరివాళ్ళు, హాస్టల్లో పెరిగిన జోజిబాబుని చూసి ఎరగరు. "ఆదివారం మావాడి ఇంగ్లీషు పాటలు మీరే వింటారుగా" అని వాళ్ళకి చెప్పుకుందట.

నూజివీడులో మా బ్యాండు ముగ్గురిది. జోజిబాబు గిటారు, పాట. రత్నబాబు డ్రమ్ములు. నేను వాళ్ళ కాలేజీలో ఫిజిక్స్ డెమాన్‌స్ట్రేటర్ని. భార్య పోయాక సాయంత్రాలు గడవక వాళ్ళ ఆంప్లిఫయర్ చూసుకునేవాణ్ణి.

తోటలో స్టేజీ లేదు. చెట్టు కింద మంచాల మీద ఆసామి లక్ష్మీనరసింహారావు, బెజవాడ నుంచి వచ్చిన ఆయన బంధువులు రసాలు జుర్రుతున్నారు.

"ఎక్కడ వాయించమంటారండీ?" అన్నాను.

"చెట్ల కింద, ఎక్కడైనా. కోతులు కాయంతా కొరికి పారేస్తున్నాయి. డబ్బాల మోతకి అలవాటు పడిపోయాయి. మొన్న కాలేజీలో మీ పాట విన్నాను. రెండు నిమిషాల్లో నేనే పారిపోయాను!"

మంచాలు కిర్రుమనేలా నవ్వారు. అవతల గంపల్లో గడ్డి పరుస్తున్న వాళ్ళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లేచి నిలబడింది.

మోటారు షెడ్డు నుంచి వైరు లాగాను. జోజిబాబు ఒక్కసారి తీగ మీటాడో లేదో, కరెంటు పోయింది. కొమ్మ మీది కోతి కొరికిన కాయ విసిరింది. రసం అతని చొక్కా మీద కారింది.

"చప్పట్లు కొట్టిందిరోయ్!" అన్నాడు ఒక బంధువు.

"కరెంటొచ్చేదాకా ఖాళీగా ఎందుకు? హీరోగారికి డబ్బా ఇవ్వరా బుచ్చయ్యా" అన్నాడు ఆసామి.

కాపలా బుచ్చయ్య తన డబ్బా తెచ్చిచ్చాడు. చెయ్యి తెగకుండా దాని అంచుకి గుడ్డ చుట్టి ఉంది.

"పోదాం పద" అన్నాను.

"ఇప్పుడు పోతే పాడలేక పారిపోయాడంటారు సార్, అమ్మ ముందు. కరెంటు రానివ్వండి" అంటూ జోజిబాబు డబ్బా కొట్టడం మొదలుపెట్టాడు.

గంపలెత్తుకుని ఆడవాళ్ళు మా పక్క నుంచే వచ్చారు. దుర్గ అనే పిల్ల డబ్బా కొడుతున్నవాణ్ణి చూసి ఫక్కున నవ్వింది. "అత్తా, వీళ్ళలో మీవాడెవరే? ఈ కోతులోడు కాదుగదా?"

కృపావతమ్మ నడక ఆగలేదు. "మావాడు రాలేదే. జొరమంట."

అతని ముందుకొచ్చి, నేల చూస్తూ, "కాస్త తప్పుకోండి బాబూ, గంప దించాలి" అంది.

జోజిబాబు తప్పుకున్నాడు.

పావుగంటకి ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు వెలిగింది. నేను గిటారు అందించాను. అతను తీసుకోలేదు.

"నేను పాడితే అమ్మ నా వైపు చూడకుండా ఉండలేదు సార్. వాళ్ళకి తెలిసిపోతుంది."

"ఏంటయ్యా, కరెంటొచ్చిందా?" అని మంచం మీంచి కేక.

స్విచ్చి కట్టేశాను. "ఇంకా రాలేదండీ."

అతను డబ్బా తీసుకుని ఆడవాళ్ళకి దూరంగా, చివరి వరస చెట్ల వైపు వెళ్ళాడు.