గుసగుసకి గొంతు ఎవరిచ్చారు

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని అందరూ గుసగుస అనేవారు. హాజరు పిలిచినప్పుడు కూడా పెదవులు కదిలేవే తప్ప మాట పక్క బెంచీ దాటేది కాదు. ఆ బడిలో ఇంగ్లిష్‌తో పాటు నాటకం కూడా నేర్పే టీచరు, వార్షికోత్సవ నాటకంలో ముఖ్య పాత్రకి ఆ పిల్లనే ఎంచుకుంది. స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచరు, మైకు తీసుకెళ్ళి దాని మెడకే కట్టాలి అని నవ్వింది. టీచరు పట్టించుకోలేదు. ఆ పిల్ల కళ్ళలో మాట ఉందనీ, గొంతులోకి దించుకోవడమే తరువాయనీ ఆమె నమ్మకం.

నాటకం ఆమె స్వయంగా ఇంగ్లిష్‌లో రాసుకున్నది. రేవులో పడవ టికెట్లు అమ్మే ఒక ఆడమనిషిని పనిలోంచి తీసేసే రోజు కథ. రిహార్సల్స్ మొదలైన కొత్తలో గుసగుస మాట వినాలంటే అందరూ దాని చుట్టూ చెవులు రిక్కించుకుని నిలబడాల్సి వచ్చేది. అలాంటిది ఒక సోమవారం ఆ పిల్ల స్టేజీ మీద నోరు తెరిస్తే, హాల్లో చివరి వరుసలో కూర్చున్న టీచరు ఉలిక్కిపడింది. ప్రతి మాటా విడివిడిగా, గోడకి తగిలి తిరిగొచ్చినట్టు వినిపించింది. పైగా ఆ పిల్ల వాక్యం వాక్యానికీ ఆగుతోంది. ఎదుటివాళ్ళ ముఖంలోకి చూసి, తీరిగ్గా తర్వాతి మాట అందుకుంటోంది. అలా ఆగమని టీచరు ఎప్పుడూ చెప్పలేదు.

అదే సమయానికి ప్రిన్సిపాల్ అటుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ ఆపడం చూశారా మేడమ్? అచ్చం మన పాత మాస్టారి పద్ధతి" అని వెళ్ళిపోయాడు.

అంతే, ఆమె మనసులో పురుగు దూరింది. పాత మాస్టారు అంటే ఆమెకి ముందు అవే పాఠాలు చెప్పిన మనిషి. రిటైర్మెంటుకి ఇంకా టైముండగానే ప్రిన్సిపాల్‌తో మాటా మాటా పెరిగి మానేశాడట. ఆ తర్వాత బడిలో ఎవరికీ కనబడలేదు. నాటకం సామాన్ల బీరువాలో అట్టపెట్టెల మీద ఇప్పటికీ ఆయన చేతిరాతే ఉంది. ఏం చేసినా మాస్టారైతే ఇలా చేసేవారు, అలా చేసేవారు అంటారు. చూడని మనిషితో పోటీ పడి పడి ఆమెకి విసుగొచ్చింది.

రిహార్సల్ అయ్యాక గుసగుసని ఆపి, బయట ఎవరైనా నేర్పిస్తున్నారా అని అడిగింది. ఆ పిల్ల నీళ్ళు నమిలింది. లేదు మేడమ్ అని చెప్పుల వంక చూసింది. పక్కనున్న స్నేహితురాలు మోచేత్తో పొడవడం టీచరు కంట పడనే పడింది.

అప్పట్నుంచి ఆమెకి అన్నీ ఆ వైపే కనిపించాయి. తను స్టాఫ్‌రూమ్‌లోకి రాగానే ప్రిన్సిపాల్, లెక్కల టీచరు మాట్లాడుతున్నది ఆపేశారు. మాస్టారిని మళ్ళీ తెచ్చి తనని సాగనంపే ఆలోచనేమో. పిల్లల్ని ముందే అటు తిప్పుకుంటున్నారేమో. ఇంట్లో ఈ సంగతి చెబితే, మందుల షాపు నడిపే భర్త తేలిగ్గా తీసేశాడు. పిల్ల బాగా చేస్తోందని సంతోషించక, పంచదార డబ్బాలో ఉప్పు వెతుకుతావేంటి అన్నాడు. ఆమె ముఖం ముడుచుకుని కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు రిహార్సల్లో గుసగుస మళ్ళీ అలాగే ఆగింది. టీచరు అందరి ముందూ అదే ప్రశ్న వేసింది. ఆ పిల్ల తల దించుకుంది.

"బయట నేర్చుకొచ్చేవాళ్ళకి నా నాటకం ఎందుకు?" అంది టీచరు. గడగడ అని పేరుపడ్డ ఇంకో పిల్లని పిలిచి ఆ పాత్ర ఇచ్చేసింది.

గుసగుస ఏడవలేదు. నాటకం కాగితాలు నీట్‌గా మడిచి బల్ల మీద పెట్టి పక్కకి వెళ్ళి కూర్చుంది. ఆ నెమ్మది చూసి టీచరు అనుమానం ఇంకా బిగిసింది. ఎవరి అండా లేకుండానే అంత ధీమా ఎలా వస్తుంది?

ఆ సాయంత్రం బడి వదలగానే ఆమె గుసగుస ఎక్కిన బస్సే ఎక్కింది. తల వంచుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆ పిల్ల మార్కెట్ దగ్గర దిగి, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్క సందులోకి తిరిగి, ఒక మేడకి బయట వేసిన ఇనప మెట్లు ఎక్కింది. టీచరు కాస్త ఆగి చప్పుడు కాకుండా ఎక్కి, తలుపు దగ్గర నిలబడింది. లోపల్నుంచి తన నాటకంలోని మాటలే. గుసగుస గట్టిగా ఒక వాక్యం చెప్పింది. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఒక మగ గొంతు. దొరికారు అనుకుని ఆమె తలుపు తోసింది.

కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దాయన. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, నోరు ఒక పక్కకి జారింది. గుసగుస ఆయనకి దగ్గరగా స్టూలు మీద కూర్చుని, దాదాపు అరుస్తున్నట్టు అంటోంది.

"ఐ హావ్ నాట్ ఫినిష్డ్."

"ఐ... హా..." అని ఆయన ఆగిపోయాడు.

ఆ పిల్ల ఆయన కళ్ళలోకి చూస్తూ తొందరపెట్టకుండా కూర్చుంది. టీచరుకి తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ నేర్పడం లేదు. అదే ఆయనకి మాట నేర్పుతోంది.

కొత్త మనిషిని చూసి పెద్దాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. వంటింట్లోంచి ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మా ఇంగ్లిష్ మేడమ్, పెద్దమ్మా" అంది గుసగుస సన్నగా. ఆవిడ ముఖం మారిపోయింది.

"బళ్ళో ఎవ్వరికీ చెప్పొద్దని దీని చేత ఒట్టేయించుకున్నాం. ఇదే చెప్పిందా మీకు?"

"లేదండీ. నేనే దీని వెనక వచ్చాను."

"ఎందుకూ?"

టీచరు గుమ్మం బయటికి అడుగు వేసింది. ఆవిడ ఇంకేమీ అడక్కుండా మెట్ల దాకా వచ్చి సంగతంతా చెప్పింది. కిందటి వర్షాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. చెవి కూడా మందగించింది. రోజూ గట్టిగా మాట్లాడించమన్నారు డాక్టరు. గుసగుస ఆయన తమ్ముడి కూతురు. ఎలాగూ కంఠతా పట్టాలి కదా అని నాటకం కాగితాలే తెచ్చుకుంది. ఇవాళ పాత్ర పోయినా మానకుండా వచ్చింది.

"అన్నేళ్ళు ఆ బళ్ళో నాటకాలాడించి అందరి చేతా మాట్లాడించిన మనిషి. ఇలా ఉండగా అక్కడివాళ్ళ కంటపడటం ఆయనకి చావుతో సమానం. ఏమీ అనుకోకండి, మళ్ళీ రాకండి" అని తలుపు వేసుకుంది.

మర్నాడు టీచరు క్లాసులో మాస్టారి ఊసెత్తకుండా, తను లేనిపోనిది అనుకున్నాననీ, తప్పు తనదేననీ చెప్పింది. పాత్ర గుసగుసకి తిరిగి ఇద్దామంది. గడగడ లేచి నిలబడింది.

"నేనివ్వను మేడమ్. నేనేం తప్పు చేశానని?"

గుసగుస పర్వాలేదు మేడమ్ అంది. చివరికి నాలుగు మాటలున్న ముసలి ప్రయాణికురాలి వేషం దాని వాటాకి వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో దాచిన మాటల గుట్టూ ఆ వారంలోనే తెలిసింది. లెక్కల టీచరుకి ఆపరేషన్ ఉంది, సెలవు కోసం ప్రిన్సిపాల్‌ని బతిమాలుకుంటోంది. ఆవిడ ముఖం చూడటానికి టీచరుకి సిగ్గేసింది.

వార్షికోత్సవం రోజు గడగడ తన మాటలన్నీ రైలు తప్పిపోతున్నట్టు అప్పజెప్పేసింది. అయినా చప్పట్లు బాగానే పడ్డాయి. ముసలి ప్రయాణికురాలి నాలుగు మాటలూ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళక్కూడా వినిపించాయి.

తర్వాతి వారం గుసగుస స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, పెదనాన్న మిమ్మల్ని రమ్మంటున్నారు. నా పాత్ర మాటలే విన్నారు కదా, నాటకం మొత్తం మీరే చదివి వినిపించాలట."

బస్సులో దారి పొడుగునా ఆమెకి మళ్ళీ అదే గుబులు. పిల్లని ఏడిపించినందుకు కడిగేయడానికే పిలిచాడా? ఆయన కంటే తను తక్కువదని తేల్చి చెప్పడానికా? మాస్టారి ముఖంలో ఏమీ కనబడలేదు. ఆమె గొంతు పెంచి, మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక పెదవులు కదుపుతూ చాలాసేపు మాట కూడదీసుకున్నాడు.

"రెండో... రంగం. పొడుగు."

"అయ్యో, ఆయన మాటలు పట్టించుకోకండమ్మా" అంది భార్య, నొచ్చుకుంటూ.

టీచరు చెవులు వేడెక్కాయి. జనం చప్పట్లు కొట్టారు కదా అనబోయింది. ఆ రంగంలో పిల్లలు దగ్గడం, కుర్చీలు జరపడం తనూ విన్నదే. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, ఎక్కడ తగ్గించమంటారు మాస్టారూ అని అడిగింది.

ఆయన ఎడమ చెయ్యి చాపి పెన్సిలు ఇమ్మన్నట్టు వేళ్ళు ఆడించాడు.