కొలిమి ఆరకముందే

పై పలకను లాయ్ ఎత్తి పట్టుకున్నాడు. మక్ యావ్‌చోయ్ ఎడమచేత్తో గరిటె వంచాడు. కరిగిన సీసం కింది పలక మీది కాగితంపై పడీ పడగానే లాయ్ పై పలక వదిలేశాడు, మక్ దాని మీదికెక్కి గొంతుక్కూర్చున్నాడు. మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలేంతసేపు మెదలకూడదు. తర్వాత దిగి పలక లేపితే, పలచని సీసపు రేకు ఇంకా వేడి కక్కుతూ ఉంది. ఆ పొద్దుట్నుంచీ అది ముప్పయ్యారో రేకు. తేయాకు పెట్టెల లోపల ఈ రేకులే పరిచి టంకం వేస్తారు. లేకపోతే ఆరునెలల సముద్రప్రయాణంలో చెమ్మ తగిలి ఆకు బూజుపడుతుంది.

నిజానికి అది ఒంటిమనిషి పని. కుడిచేత్తో పలక ఎత్తాలి, ఎడమచేత్తో పోయాలి, ఒక్క ఊపులో రెండూ వదిలి పలక మీదికెక్కాలి. కాంటన్ రేవులో ఈ గోదాముకు వచ్చింది మొదలు నలభై ఏళ్లు మక్ అలాగే చేశాడు. రెండేళ్ల కిందట కుడి మణికట్టు వాలిపోయింది. నొప్పి లేదు, వాపు లేదు. చెయ్యి మాత్రం మెడ విరిచిన కోడిలా వేలాడింది. సీసం పనివాళ్లకు వచ్చే జబ్బే అది. ముందు చిగుళ్ల మీద నీలిగీత, తర్వాత పేగులు మెలిపెట్టే నొప్పి, ఆఖరికి చేతులు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మక్ ఒక వెదురుబద్దను మణికట్టుకు కట్టుకుని చొక్కాచెయ్యి కిందికి దించుకున్నాడు. పక్క కొలిమివాడు లాయ్ కామ్‌హో అది కనిపెట్టి, ఇద్దరం ఒకే కొలిమి మీద చేస్తే కట్టెలు కలిసొస్తాయని, ఔ అనే పేరుగల పెద్దమేస్త్రి చెవిలో వేశాడు. కట్టెలు కలిసొస్తాయంటే పెద్దమేస్త్రి కాదంటాడా? ఆనాటినుంచీ పలక లాయ్ ఎత్తుతాడు, మక్ పోస్తాడు. తయారైన పెట్టెల్లో సగం మీద లాయ్ తన గుర్తు గీస్తాడు, సగం మీద మక్ గుర్తయిన గోధుమకంకి గీస్తాడు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి ఇంత దాపరికం ఎందుకు పడాలి? ఊరెళ్లి కృష్ణారామా అనుకోవచ్చు కదా అని మనం అనుకుంటాం. మక్‌కు ఊరుంది, ఇల్లు లేదు. పడమటి నది వరదలో అది కొట్టుకుపోయింది. తమ్ముడి కొడుకు ఒకడున్నాడు, మంచివాడే. కానీ చావు మీదున్న మనిషిని తన గడప తొక్కనిచ్చేవాడు ఆ ఊళ్లోనే లేడు, అది అరిష్టం. శవపేటికలో వస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, నేరుగా కొండకే తీసుకుపోతారు. కొండవాలులో భార్య పదకొండేళ్లుగా పడుకుని ఉంది. ఆమె పక్కన తన చోటు మక్ స్వయంగా కొలిచి, రాళ్లు పాతి వచ్చాడు. ఆమె ఆఖరిరోజున వస్తానని మాట కూడా ఇచ్చాడు.

ఆ పేటిక సంఘం ఇవ్వాలి. సీసం పనివాళ్ల సంఘానిది ఒకటే కట్టుబాటు. కొలిమి దగ్గర చోటుండగా, ఆ కొలిమి మండుతుండగా పోయినవాడికి పేటిక ఇచ్చి, పడవ మీద సొంతూరు చేరుస్తుంది. చోటు పోయినవాడికీ, కొలిమి ఆరాక పోయినవాడికీ తూర్పు ద్వారం అవతల అనాథల గుట్టే గతి. కాబట్టి మక్‌కు మిగిలిన పని ఒక్కటే, చోటు పోకముందే ప్రాణం పోగొట్టుకోవడం. అది మాత్రం ఎవడి చేతిలో ఉంది!

ముప్పయ్యేడో రేకు పోయబోతుండగా పెద్దమేస్త్రి కేకేశాడు. ఎర్రజుట్టువాళ్ల, అంటే తెల్ల వర్తకుల, ఓడ ఒకటి ఎనిమిది పెట్టెలు తిప్పి పంపింది. ఏడాదిన్నర కిందట ఇక్కణ్ణుంచి వెళ్లినవే. గోదాము మధ్యలో మూతలు తీస్తే గుప్పున బూజుకంపు కొట్టింది. ఏడింటిలో పెట్టెచెక్కలే పగిలాయి, సముద్రం తప్పది. ఎనిమిదో పెట్టె చెక్క చెక్కుచెదరలేదు. ఔ అందులోని రేకు విప్పి వెలుతురుకు పట్టాడు. రేకు నడుమ సూదిమొనంత చుక్క మెరిసింది. అంచున గోధుమకంకి గీసి ఉంది.

లాయ్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ వేసవిలో మక్ కడుపునొప్పితో మూడురోజులు సంచుల చాటున పడి ఉన్నప్పుడు లాయ్ ఒక్కడే ఇద్దరి పనీ తొందర తొందరగా లాగించేశాడు. ముసలాడు పనిలో లేడన్న మాట రాకుండా సగం రేకుల మీద కంకి గీశాడు. ఆ రేకు అప్పటిదే. ఇప్పుడు నోరు విప్పితే ఇద్దరి చోట్లూ పోతాయి. లాయ్‌కు నది మీద పడవలో భార్యా, ముగ్గురు పిల్లలూ ఉన్నారు. అయినా అతని పెదవులు కదిలాయి.

"అది నాదే," అన్నాడు మక్, అతనికంటే ముందే.

ఔ చెడ్డవాడేమీ కాదు. అతని పైన యజమాని, యజమాని పైన సుంకాల అధికారి, అందరి పైనా ఎర్రజుట్టువాళ్ల నష్టం. పాత పద్ధతి ప్రకారం అందరి ఎదుటా ఒక రేకు పోయమన్నాడు. రేకులో చుక్క లేకపోతే పెట్టె తప్పు సముద్రానిది. చుక్క ఉంటే మక్ ఆ పూటే మూట కట్టుకోవాలి.

"ఒక్కడివే పొయ్యి మక్. లాయ్, నువ్వు దూరంగా జరుగు," అన్నాడు.

మక్ కొలిమి ముందు కూర్చున్నాడు. కుడిచెయ్యి పలక అంచున వేసి చూశాడు, వేళ్లు జారిపోయాయి. పనివాళ్లు చూపు తిప్పుకున్నారు. మక్ పక్కకు ఒరిగి, కుడి మోచేతి మడతలో పలక అంచును ఇరికించుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. పలక లేచింది. ఎడమచేత్తో సీసం పోసి, మనిషంతా ముందుకు పడ్డాడు. సీసం చెదిరి మోకాలి కింద అంటుకుంది. చర్మం కాలిన వాసన వచ్చింది. కాలు లాక్కుంటే పలక కదులుతుంది, పలక కదిలితే రేకులో చుక్క పడుతుంది. మక్ పళ్లు కరుచుకుని మూడు ఊపిరులు లెక్కపెట్టుకున్నాడు, ఒకటి ఎక్కువే.

ఆ రేకును చీకటిగదిలోకి పట్టుకెళ్లి కిటికీ కంతకు అడ్డం పెట్టారు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఔ బయటికొచ్చి, ఆ ఎనిమిదో పెట్టె కూడా సముద్రం ఖాతాలోనే వేసెయ్యమని గుమాస్తాకు చెప్పాడు. తర్వాత మక్ కుడి చొక్కాచేతి వంక ఒకసారి చూసి, పెట్టెల వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం జావ, ఉప్పుచేప వచ్చాయి. మక్ కాలికి పందికొవ్వు రాస్తూ లాయ్ తల ఎత్తలేకపోయాడు. రాత్రికి పడవలోకి వచ్చెయ్యి బాబాయ్, మా ఆవిడ చేప ఉడికిస్తుంది అని ఏదేదో అన్నాడు. మక్ నవ్వాడు. జావ నోట్లో పెట్టుకోలేదు.

"చిల్లు పడ్డ రేకు మీద నా కంకి గీస్తావుట్రా, గాడిదా," అన్నాడు. "నా నలభై ఏళ్ల పేరు."

"తప్పే బాబాయ్."

"తప్పేలే. కంకి మాత్రం నాకంటే బాగా గీశావు."

పనివాళ్ల కబుర్లు ఎప్పటిలాగే రాజధానినుంచి వచ్చిన పెద్ద అధికారి మీదికి మళ్లాయి. ఎర్రజుట్టువాళ్లు తెచ్చిన నల్లమందంతా అప్పగించేదాకా వదలనంటున్నాడట. మన ఆకు తాగి వాళ్లు బలుస్తున్నారు, వాళ్ల మందు పీల్చి మనం ఎండుతున్నాం అని ఎవరో అన్నారు. బలిసినా ఎండినా మనం పోసే సీసం కూడా వాళ్ల ఓడల్లో వచ్చిందే కదరా అని మక్ అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడే కడుపులో నొప్పి మొదలైంది. ఈసారి మెలిపెట్టి వదలకుండా వెన్నులోకి పాకింది. మక్ మెల్లగా జరిగి, కొలిమి పక్కన కట్టెల మోపుకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపు కన్ను మూస్తానన్నాడు.

పొద్దు వాలుతుండగా వీధిలో కంచుపళ్లేలు మోగాయి. వర్తకం బంద్, పెద్ద అధికారి ఆజ్ఞ. ఎర్రజుట్టువాళ్ల కొఠీలనుంచి వంటవాళ్లనూ, నీళ్లుమోసేవాళ్లనూ బయటికి రమ్మని, సైనికులు నాలుగువైపులా దారులు మూసేస్తున్నారు. ఆకు కదలకూడదు, పెట్టె కదలకూడదు, ఏ గోదాములోనూ పొగ కనిపించకూడదు. ఔ పరుగెత్తుకొచ్చి కొలుములన్నీ ఆర్పెయ్యమని అరిచాడు. ఒకదాని తర్వాత ఒకటి నీళ్లు పడి బుస్సుమన్నాయి. లాయ్ బిందె ఎత్తుకుని, ముసలాణ్ణి పక్కకు జరగమందామని భుజం మీద చెయ్యి వేశాడు. తల ఒక పక్కకు వాలింది. అరచెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, ముక్కు దగ్గర మాత్రం ఊపిరి లేదు.

లాయ్ బిందె కింద పెట్టేశాడు. కొలిమిలో రెండు కట్టెలు తోశాడు.

ఔ వచ్చి నీకు మతిపోయిందా అని తిట్టాడు. పొగ కనిపిస్తే సైనికులు తన వీపు చీరేస్తారన్నాడు.

"నన్ను కట్టేసి అప్పగించండి మేస్త్రిగారూ. సంఘం పెద్ద తామ్ వచ్చి చూసేదాకా ఇది ఆరదు," అన్నాడు లాయ్. "పొద్దుటి చుక్క నాది. ఆయనది కాదు."

ఔ మక్ వంక చూశాడు, వాలిపోయిన ఆ మణికట్టు వంక చూశాడు. బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, సైనికులు వస్తే అడ్డుపడేలా తనే గడపలో నిలబడ్డాడు. తామ్ కోసం మనిషిని పంపింది కూడా అతనే.

కట్టెలు అయిపోయాయి. లాయ్ పగిలిన ఏడు పెట్టెల చెక్కలు విరిచి పెట్టాడు. ఏడుస్తూనే పెట్టాడు, పొగకో దుఃఖానికో చెప్పలేం. గంట తర్వాత తామ్ వచ్చాడు. ముందు మక్ మీద చెయ్యి వేశాడు, తర్వాత అదే చెయ్యి కొలిమి దగ్గరగా పట్టి చటుక్కున లాక్కున్నాడు.

"కొలిమి మండుతోంది. మనిషి మనవాడే," అన్నాడు.

పేటిక వచ్చింది. పడవ మాత్రం దొరకలేదు. స్వాధీనం చేసుకోబోయే నల్లమందు మోయడానికి సర్కారు నది మీద కనిపించిన పడవనల్లా పట్టేసింది. ఎన్నాళ్లు పడుతుందో తామ్ చెప్పలేకపోయాడు. అంతవరకూ శవం ఆగుతుందా? అప్పుడు లాయ్ ఆ కొలిమి మీదే, మిగిలిన సీసమంతా కరిగించాడు. ఔ తలుపు వైపే ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. లాయ్ ఒక్కొక్క రేకే పోసి, చీకటిగదిలో దీపానికి అడ్డుపెట్టి చూసి, పేటిక లోపల పరిచి, అంచులకు టంకం వేశాడు. మక్‌ను పడుకోబెట్టి పైన కూడా రేకుతో మూసేశాడు. చెక్కమూతకు మేకులు కొట్టవలసినవాడు తమ్ముడి కొడుకు కనక మూత ఊరికే ఆనించి ఉంచారు. తామ్ గుమాస్తా ఒక కాగితం మీద ఊరి పేరు, హోక్‌తావ్ అని తమ లిపిలో రెండక్షరాలు రాసి మూతకు అంటించాడు. ఆ తర్వాతే లాయ్ కొలిమిలో నీళ్లు పోశాడు.

నెల గడిచింది, రెండో నెల వచ్చింది. ఎర్రజుట్టువాళ్లు అలిగి దిగువకు వెళ్లిపోయారనీ, యుద్ధపు ఓడలతో తిరిగొస్తారనీ చెప్పుకున్నారు. గోదాము పని మళ్లీ మొదలుకాలేదు. లాయ్ రేవులో మూటలు మోస్తూ, రోజు విడిచి రోజు తామ్ ఇంటికి వెళ్లి పడవ మాట అడిగేవాడు. వచ్చే వారం అనేవాడు తామ్, ఆ వారం వచ్చాక మళ్లీ వచ్చే వారం అనేవాడు.

నాలుగో నెల వానలకు గోదాము గోడలు చెమర్చాయి. వెళ్లకుండా నిలిచిపోయిన తేయాకు సంచులు బూజెక్కాయి. లాయ్ ఒకనాడు వచ్చి, అక్కడే ఉండిపోయిన పేటిక చెక్కమూత తీసి, టంకం వెంట వేలు పెట్టి చూసుకున్నాడు, ఎక్కడా తడి లేదు. మూత మళ్లీ ఆనించి వెళ్లిపోయాడు. దాని మీది కాగితం చెమ్మకు ఉబ్బి సిరా కారిపోయింది, ఊరి పేరులో రెండో అక్షరం ఒక్కటే చదవడానికి మిగిలి ఉంది.