తాళాల బాబాయి

"మళ్ళీ బిగించేశారు!" వంటింట్లోంచి భార్య కేక పెట్టింది. "ఏమండీ, అది కొళాయా, జైలు తలుపా?"

ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఆపలేదు.

"కారుతోంది."

"కారితే చుక్క కారుతుంది. మీరు బిగిస్తే నా మణికట్టు పోతోంది. పొద్దున్నే గిన్నెలు ముందేసుకుని కొళాయితో కుస్తీ పట్టమంటారా నన్ను?"

"వాషరు అరిగింది. గట్టిగా తిప్పితేనే ఆగుతుంది."

"మీరు గట్టిగా తిప్పబట్టే అరిగింది! మొన్ననేగా కొత్తది వేయించాం."

కూతురు పళ్ళు తోముకుంటూ వచ్చి, కొళాయికి తువ్వాలు చుట్టి రెండు చేతులా తిప్పింది. నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడి ఆమె ముఖమంతా తడిపేశాయి. "మన కొళాయిని దొంగలు కూడా తిప్పలేరు నాన్నా. నువ్వు నిశ్చింతగా ఆఫీసుకి వెళ్ళు," అంది నోటినిండా నురగతో. భార్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆయనకు నవ్వు రాలేదు. ఆయన దృష్టిలో కారే కొళాయి నవ్వే విషయం కాదు.

లోపలి గదిలో మంచం పట్టిన తల్లికి మాత్రలు వేసి, దిండు సరిచేసి, నీళ్ళ గ్లాసు చేతికందేలా జరిపాడు. ఆ మాత్రలు, నెలనెలా డాక్టరు చూడటం, పోయినేడు తుంటి ఆపరేషను, అన్నీ ఆఫీసు ఇచ్చిన వైద్య కార్డు మీదే జరిగాయి. ఆ కార్డు లేకపోతే ఏమవుతుందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

బయటికొచ్చి గేటు గొళ్ళెం వేసి లాగి చూశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూశాడు. పొట్టి మనిషి. చొక్కా ఎప్పుడూ మెడదాకా గుండీలు పెట్టుకుంటాడు. కుడిభుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రికార్డుల టేపులున్న ఇనప పెట్టెను ఆ భుజానే మోసేవాడు. ఆ గదికి తాళం, బీరువాకు తాళం, పెట్టెకు తాళం. గుత్తి నడుముకు వేలాడుతుంటే, ఆయన రాకముందే చప్పుడు వచ్చేది. ఆఫీసు కుర్రకారు ఆయనకు తాళాల బాబాయి అని అప్పుడు పెట్టిన పేరు, టేపులు పోయినా, పెట్టె పోయినా, ఆ కుర్రకారే బట్టతలలై వెళ్ళిపోయినా అలాగే ఉండిపోయింది.

ఇప్పుడాయన పని చెప్పుకోవచ్చు గానీ, చూపించడానికేమీ లేదు. రక్తపరీక్షల కేంద్రాలు ఎన్నింటివో రికార్డులు ఆయన కంపెనీ దాచిపెడుతుంది. అవన్నీ క్లౌడులో ఉంటాయి. అంటే ఎవరివో యంత్రాల్లో, ఎక్కడో, ఆయన కళ్ళతో ఎన్నడూ చూడని గదుల్లో. ఎవరైనా దొంగిలించినా ఒక్క ముక్క అర్థం కాకుండా వాటిని గజిబిజి చేసి ఉంచుతారు. రికార్డులుండే డేటాబేసు వాటిని మళ్ళీ చదవాలంటే ఒక కీ కావాలి. ఆ కీ వాల్టు అనే చోట ఉంటుంది. వాల్టు చుట్టూ ఫైర్‌వాల్ కాపలా. జాబితాలో నెట్‌వర్కు చిరునామా ఉన్న యంత్రాలనే అది దగ్గరికి రానిస్తుంది. ఆ జాబితా ఈయన చేతిలో ఉంటుంది.

ఈయన ఒక్కడి చేతిలోనే కాదు. జాబితాలో ఏది మార్చాలన్నా ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూసి ఒప్పుకోవాలి. ఒంటి చేత్తో ఎవరూ ఏదీ చెయ్యకూడదన్న ఆ నియమం పెట్టించింది కూడా ఈయనే. సరిచూసేది పక్క సీటు అమ్మాయి. కాంట్రాక్టు మీద వచ్చింది. గలగలా మాట్లాడుతుంది. ఆయనను బాబాయ్ అనే పిలుస్తుంది.

"బామ్మగారికి మాత్రలు వేశారా బాబాయ్?" అంది ఆయన కుర్చీలో కూర్చోకముందే.

"వేశాను తల్లీ."

"పిన్నిగారితో పొద్దున్నే పేచీ కూడా అయినట్టుందే. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నారు."

ఆయన చూసుకుని సర్దుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా.

ఆరోజు పని పెద్దదే. వాల్టు దగ్గరికి ఎప్పటెప్పటివో పాత దారులు చాలా తెరిచి ఉన్నాయని తనిఖీవాళ్ళు తప్పుపట్టారు. అవన్నీ మూసేసి, అవసరమైనవి మాత్రం ఉంచాలి. ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కొక్క చిరునామా కొడుతూ వచ్చాడు. వాటిని ఎక్కడా చూసి రాయడు. ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు మర్చిపోతాడు గానీ, ఏళ్ళనాటి చిరునామాలు కూడా ఆయన వేళ్ళ చివర్న ఉంటాయి. ఆఫీసంతా అదొక వింతగా చెప్పుకుంటారు. రాయడం అయ్యాక ఆ అమ్మాయికి పంపాడు.

ఆమె కాసేపు తెర వంక చూసింది. "బాబాయ్, పోయిన నెల డేటాబేసుల్ని కొత్త చోటికి మార్చారు కదా. ఆ అడ్రస్సు మార్చారా?"

"మార్చాను. నొక్కు." ఆయన తల తిప్పలేదు.

ఆమె నొక్కింది.

పాత దారులన్నీ మూసుకుపోయాయి. ఏదీ ఆగలేదు. తెర మీద దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. మేనేజరు వచ్చి, "శభాష్ సార్, తనిఖీవాళ్ళ నోరు మూయించారు," అని భుజం తట్టి వెళ్ళాడు. ఆయన లోలోపల పొంగిపోయాడు. పైకి మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

డేటాబేసు ఒకసారి తీసుకున్న కీని కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ కాసేపూ ఏ లోటూ కనబడదు. తర్వాత మళ్ళీ వాల్టు దగ్గరికి వచ్చి అడుగుతుంది. ఈసారి వచ్చి అడిగితే ఫైర్‌వాల్ నువ్వెవరంది. జాబితాలో ఉన్నది డేటాబేసు పాత చిరునామా. కొత్తది ఆయనకు తెలుసు. మార్చాననే అనుకున్నాడు. వేళ్ళు మాత్రం అలవాటైనదాన్నే కొట్టేశాయి.

కీ అందని డేటాబేసులు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. దొంగలు రాకుండా వేసిన గడియ ఇంటివాళ్ళనే వీధిలో నిలబెట్టింది. భోజనానికి లేవబోతున్న ఆఫీసు అలాగే నిలబడిపోయింది. ఫోన్లు మోగడం మొదలైంది.

"సార్, తెరంతా తెల్లగా అయిపోయింది," అవతల ఏదో పరీక్షా కేంద్రంలో ఒకావిడ. "ఇక్కడ జనం నన్ను పీక్కు తింటున్నారు. ఆపరేషను బల్ల మీద ఒకాయన రిపోర్టు కోసం ఆగి ఉన్నాడట. నేనేం చెప్పను?"

ఆయన కళ్ళు తెర మీది జాబితాలో పాత చిరునామా దగ్గర ఆగాయి. ఆ అమ్మాయే ఫోను లాక్కుని, "అమ్మా, మళ్ళీ రక్తం తీసి చూడమనండి, మా కోసం ఆగొద్దు," అని చెప్పి పెట్టేసింది. "బాబాయ్, అడ్రస్సు. కొత్తది కొట్టండి. నేను ఒప్పుకుంటా. ముందు కొట్టండి!"

కొట్టాడు. ఆమె ఒప్పుకుంది. అయినా ఒకసారి మూతపడ్డ డేటాబేసులు వాటంతట అవి లేవలేదు. ఒక్కొక్కదాన్నీ తట్టి లేపాల్సి వచ్చింది. చివరిది లేచేసరికి కిటికీలోంచి ఎండ వాలిపోయింది. ఇద్దరిలో ఎవరూ అన్నం ముట్టలేదు.

మేనేజరు ఇద్దరినీ అద్దాల గదిలోకి పిలిచాడు. ఆయన కన్నా చాలా చిన్నవాడు.

"కూర్చోండి సార్. నువ్వూ కూర్చో అమ్మా. కేంద్రాలవాళ్ళు దుమ్మెత్తిపోస్తున్నారు. ఎవరివల్ల జరిగిందో సాయంత్రంలోగా పైకి చెప్పాలి." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రాసింది మీరు."

"నేనే."

"సరిచూసింది నువ్వు."

"అవును సార్."

"రాసే మనిషి పొరపాటు పడతాడనేగా సరిచూసే మనిషిని పెట్టుకున్నది. నాకు ఆ మాట చెప్పింది మీరే కదా సార్?"

"నేనే."

"మీ పేరు పంపితే మీ సర్వీసంతా కొట్టుకుపోతుంది. ఇంట్లో పెద్దావిడ సంగతి నాకు తెలుసు. ఈమెది కాంట్రాక్టు. ఇంకోచోట దొరుకుతుంది." మేనేజరు గొంతు తగ్గించాడు. "ఒక్కటి చెప్పండి. నొక్కే ముందు ఈమె మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్ళలో భయమేమీ లేదు. బాబాయి చెప్తాడన్న ధీమా ఉంది. చెప్పాల్సింది చిన్న మాట. అడిగింది, మార్చానని నేనే చెప్పాను. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాని వెంటే తల్లి మంచమూ, ఆ మంచం పక్కన అందేలా పెట్టిన నీళ్ళ గ్లాసూ, ఈ వయసులో తను కొత్తగా ఎక్కాల్సిన ఆఫీసు మెట్లూ వచ్చాయి. బల్ల మీద ఎవరిదో కప్పు వదిలిన తడి వలయం ఉంది. దాని అంచు వెంబడి వేలు తిప్పాడు.

"గుర్తు లేదండీ," అన్నాడు.

మేనేజరు ఒక్క క్షణం తల దించుకున్నాడు.

"నేను సరిగ్గా చూడలేదు సార్," అంది ఆ అమ్మాయి. ఆయన వైపు చూడటం అప్పటికే మానేసింది.

మెడలో కార్డు తీసి మేనేజరు చేతిలో పెట్టింది. సీటు దగ్గరికి వచ్చి, సొరుగులోంచి దువ్వెన, మాత్రల పొట్లం, చార్జరు తీసి సంచిలో వేసుకుంది. ఆయన నిలబడే ఉన్నాడు. ఏదో ఒకటి అనాలి.

"వెళ్ళొస్తా బాబాయ్," అంది. "ఈసారి రెండోసారి కూడా అడిగేవాళ్ళని పెట్టుకోండి."

ఆమె మాటలో ఎత్తిపొడుపు వెతికాడాయన. ఉంటే బాగుండుననిపించింది. లేదు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు దిగిపోయింది. అప్పుడు కనబడింది, ఆమె కుర్చీ కింద భోజనం డబ్బా. చేతిరుమాలులో చుట్టి పైన ముడివేసి ఉంది. పట్టుకుని గబగబా కిందికి దిగాడు. వీధిలో జనం, బస్సులు. ఆమె లేదు. ఏం చెయ్యాలో తోచక డబ్బాను తన సంచిలో పెట్టుకున్నాడు. పైకి వచ్చేసరికి మేనేజరు చెప్పాడు, ఇకమీదట సరిచూసే పని తనే చూసుకుంటాడట. "మీరు రాశాక నేను చూసేదేముంది సార్, పంపండి, నొక్కేస్తాను," అన్నాడు.

ఇంట్లో అందరూ తల్లి మంచం పక్కన పళ్ళాలు పెట్టుకుని కూర్చోవడం అలవాటు. భార్య ఆయన సంచి తెరిచి, "రెండు డబ్బాలున్నాయేమిటి?" అంది. "ఇదెవరిది?"

"పక్క సీటు అమ్మాయిది. మర్చిపోయింది."

"అయ్యో, బరువుగా ఉంది. తిననేలేదు పిల్ల. రేపు గుర్తుగా ఇచ్చెయ్యండి."

"రేపు రాదు."

కూతురు ముద్ద ఆపింది. "ఏమైంది నాన్నా?"

చెప్పాడు. దారులు మూయడం, డేటాబేసులు ఆగిపోవడం, ఆమెను తీసేయడం. పత్రికలో చదివిన వార్తలా చెప్పుకుంటూ పోయాడు.

"జాబితా ఎవరు రాశారు?" అంది కూతురు.

"నేనే."

"మరి ఆ అక్కని ఎందుకు తీసేశారు?"

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిందే మళ్ళీ కలుపుతున్నాడు. భార్య కూతురి మోకాలు మీద చెయ్యి వేసింది. అయినా ఆ పిల్ల కళ్ళు దించలేదు.

మంచం మీద నుంచి తల్లి, సగం విని సగం వినక, "ఇంతకీ నీ ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా? అది చెప్పరా," అంది.

"ఉందమ్మా," అన్నాడాయన. "ఉండమన్నారు. ఉంటున్నాను."

తల్లి హమ్మయ్య అని దిండు మీదికి వాలింది. భార్య ఆయన పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. కూతురు సగం తిన్న పళ్ళెంతో లేచి వెళ్ళిపోయింది. వంటింటి గట్టు మీద ఆ అమ్మాయి డబ్బా ఉంది. పొద్దున్న ఏ చేతులో చుట్టి బిగించిన రుమాలు ముడి అలాగే ఉంది.