కాండోర్‌కు చాలినంత చోటు

ఆ గురువారం ఉదయం సతుర్నీనో చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: ఆరువందల నలభై కిలోబైట్ల మెమరీ, ఒక ఫ్లాపీ, ఒక స్క్రూడ్రైవరు, మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు.

మెమరీ దోన్యా నికొలాసాది. ఎల్ ఆల్టో సంతలో రెండేళ్ల కిందట తనే ఆమెకు అమ్మిన పాత కంప్యూటరులోది. దానికి తగిలించిన కుట్టు యంత్రం నృత్య బృందాల అంగీల మీద బొమ్మలు కుడుతుంది. గులాబీలు, నక్షత్రాలు ఇప్పటికీ కుడుతోంది. కాండోర్ పక్షిని కుట్టమంటే మాత్రం మెమరీ చాలదని తెర మీద చెప్పి ఊరుకుంటోంది. శనివారం ఉత్సవానికి ముప్ఫై కాండోర్లు కావాలి. బృందం పెద్ద ఎలెఉతేరియో అంగీల మూట ఒళ్లో పెట్టుకుని నికొలాసా కొట్లో పీట మీద కూర్చున్నాడు. పన్నెండు కొడితే మూటతో సహా ఎదుటి వీధి కొట్టుకు పోతానన్నాడు.

సంతలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరినొకరు కసేరో, కసేరా అనే పిలుచుకుంటారు, కోపంలో కూడా.

"అమ్మేటప్పుడు ఏమన్నావు కసేరో? ఆగిపోతే వెనక్కి నెత్తిన పెట్టుకుపోతానన్నావా లేదా?" అంది నికొలాసా.

"ఆగలేదుగా కసేరా. గులాబీలు కుడుతోందిగా."

"దొన్ ఎలెఉతేరియో, మీవాళ్లు గులాబీలు వేసుకుని ఆడతారా?"

"వెనక బూరలు ఊదేవాళ్లు నవ్వుతారు. నవ్వుతూ బూర ఊదలేరు," అన్నాడు ఎలెఉతేరియో.

సతుర్నీనో లెక్క వేశాడు. కాండోర్‌కు ఐదువందల ఎనభై ఖాళీ కావాలి. ఉన్నది ఐదువందల పన్నెండు. సరుకు తగ్గితే ముందు తినేవాళ్లెవరో చూడాలి, అతని ముప్ఫై ఏళ్ల వ్యాపారం అదే. కంప్యూటరు లేవగానే చదువుకునే పట్టీ తెరిచాడు. సీడీ డ్రైవరు ముప్ఫై ఆరు తింటోంది. మౌసు డ్రైవరు పదిహేడు.

"సీడీ తీసేస్తున్నా."

"తియ్యి. అందులో సూదులున్నాయి, పారబొయ్యకు."

"మౌసు?"

"అది మా ఆడబిడ్డ ఇచ్చింది."

"వాడతావా?"

"ఆవిడ వచ్చినప్పుడు."

మౌసూ పోయింది. ఇంకా పదిహేను తక్కువ. ఆశకొద్దీ అతను తనకు తెలియని లైను ఇంకొకటి కొట్టేశాడు. కంప్యూటరు ఈసారి లేవనే లేదు. నల్లటి తెర మీద ఒక చిన్న గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది.

"ఇప్పుడు గులాబీలు కూడా లేవు," అన్నాడు ఎలెఉతేరియో.

ఫ్లాపీతో దాన్ని లేపి, కొట్టేసిన లైను తిరిగి రాసేసరికి పదకొండు. ఈసారి పట్టీ మొత్తం ఒక్కసారి కాకుండా, లైను లైనుకూ ఆపి చదివించాడు. మొదటి లైనులోనే దొరికింది. మెమరీ డ్రైవరు 'పై మెమరీ లేదు' అని చెప్పి తప్పుకుంటోంది. రోజూ చెబుతూనే ఉంది. ఆ ముసలి మానిటరు వెలిగేలోగా ఆ మాట దాటిపోయేది.

ఆ కంప్యూటరు రెండంతస్తుల ఇల్లు. మెట్ల తాళంచెవి ఆ డ్రైవరు దగ్గర ఉంటుంది. పై అంతస్తే లేదని అది వెళ్లిపోతే, పైన పడుకోవలసిన చుట్టాలంతా కిందే చాపలు పరుస్తారు. ఇంతసేపూ సతుర్నీనో చాపలు లాగుతున్నాడు.

"దీనికి ఈమధ్య ఏమైనా చేశావా కసేరా?"

"ఏమీ చెయ్యలేదు."

"ఎవరైనా తెరిచారా?"

"ఎవరు తెరుస్తారు?"

అతను నాలుగు స్క్రూలూ తీశాడు. లోపల గులాబీ, పసుపు, ఆకుపచ్చ కాగితపు చుక్కలు. ఫ్యానుకు చుట్టుకుని ఒక రంగు రిబ్బను. పై అంతస్తు మెమరీ పలక అడుగున ఎండిన బీరు జిగురు, అందులో అతుక్కుని మూడు చుక్కలు.

"ఏమీ చెయ్యలేదన్నావు!"

"అది చాల్యా, భూమాత మొక్కు. కార్నివాల్ మంగళవారం ఇంటికీ బండికీ బీరు చిలకరించి రంగు కాగితాలు చల్లామా, దీనికీ చల్లాం. అది చెయ్యడం కిందికి వస్తుందా? మానేస్తే వస్తుంది."

"మూత తీసి చల్లాలా?"

"నువ్వేగా చెప్పావు! దీనికి ముందు నువ్వమ్మినది ఏడాదికే పోతే, 'చాల్యా పైపైన చేశావు కసేరా, గుండెకు తగల్లేదు' అన్నావు. అని నా డబ్బు నాకివ్వలేదు."

సతుర్నీనోకు గుర్తొచ్చింది. మంచి మాట. ఆరోజు బాగా పనిచేసింది.

"ఈసారి తగిలింది," అన్నాడు ఎలెఉతేరియో.

ఇంకో మాట సిద్ధంగానే ఉంది: భూమాతకు బీరు సరిపోలేదని. కానీ ఈవిడ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. వచ్చే కార్నివాల్‌కు పెట్టెడు బీరూ లోపల పోస్తుంది.

"ఆ మాట అబద్ధం కసేరా. అది అప్పటికే పాడైన కంప్యూటరు. తెలిసే అమ్మాను."

నికొలాసా అతన్ని తేరిపార చూసింది.

"పాడైందని అప్పుడే నాకూ తెలుసు," అంది. "చాల్యా సంగతి మాత్రం నిజమనుకున్నా."

చాల్యాకు బీరుతోపాటు తెచ్చిన సారాయి ఇంకా మిగిలే ఉంది. దానితోనే అతను పలకను, అది కూర్చునే గాడిని తుడిచాడు. పలకను నొక్కి పెట్టి, తీసేసిన లైన్లన్నీ తిరిగి రాసి, మీట నొక్కాడు. మెమరీ డ్రైవరు ఈసారి తప్పుకోలేదు. చుట్టాలంతా పైకెళ్లారు. పన్నెండుకు పది నిమిషాలుండగా యంత్రం కాండోర్‌ను ముక్కు దగ్గర నుంచి కుట్టడం మొదలుపెట్టింది. ఎలెఉతేరియో మూట దించి బల్ల మీద పెట్టాడు.

ముగింపు లెక్క ఇది. ఖాళీ ఆరువందల పన్నెండు. రాబడి: చేజారకుండా నిలిచిన కసేరా ఒకతె, గిన్నెడు చైరో సూపు. ఖర్చు: ఒక సంత రోజు, మళ్లీ ఎక్కడా వాడడానికి వీల్లేని మంచి అబద్ధం ఒకటి. కాండోర్ తిన్నది పోగా నికరంగా మిగిలింది ముప్ఫై రెండు కిలోబైట్లు. అవీ ఆవిడవే.