నన్నూ ఆ టచ్ ఫోన్నీ పక్కపక్కన పెట్టిన రోజు

నేను ఒక బటన్ల ఫోన్ని. నల్లగా, పొట్టిగా, బొద్దుగా ఉంటాను. నెత్తిన టార్చిలైటు, పొట్టలో రేడియో, వారానికోసారి చార్జింగ్. ఏ కార్ఖానాలో పుట్టానో, ఎన్ని చేతులు నన్ను బిగించాయో చెప్పాలనే ఉంది గానీ, ఎవరిక్కావాలి? ఈ ఆరేళ్ళలో ఒక్క మనిషీ నా పుట్టుక అడగలేదు. "చార్జింగ్ ఉందా?" అని మాత్రం అందరూ అడుగుతారు.

రాజమండ్రిలో ఒక షాపు అద్దాల బీరువాలోంచి నన్ను వీర్రాజు కొన్నాడు. ఆటోలో పూల మూటలు తోలే మనిషి. రెండేళ్ళు నన్ను హ్యాండిలుకు వేలాడదీసి ఎండబెట్టి, ఆ తర్వాత పెళ్ళాం నూకరత్నానికి ఇచ్చాడు. ఆవిడ కడియపులంక మార్కెట్లో చేమంతులూ లిల్లీలూ అమ్ముతుంది. చదువు రాదు. రాకపోతేనేం, నొక్కుల లెక్కతో నన్ను లొంగదీసింది. పేర్ల వరస తెరిచి కిందికి రెండు నొక్కులైతే మొగుడు, నాలుగైతే తోట రైతు, ఏడైతే చెల్లెలు చిన్నమ్మలు. ఎవరో పుణ్యాత్ముడు మధ్యలో కొత్త పేరు ఎక్కిస్తే వరస జరిగిపోయేది. మొగుడికి పడాల్సిన తిట్లు తోట రైతు తినేవాడు. తప్పు నాదట!

ఆ ఏడో నొక్కు దాకా మూడేళ్ళుగా ఆవిడ వేలు దిగలేదు. వాళ్ళ తల్లి, ఈ చెల్లెలి ఇంట్లో ఉండగా పోయింది. కబురు వేళకు అందలేదు, నూకరత్నం వెళ్ళేసరికి అంతా అయిపోయింది, కడసారి చూపు దక్కలేదు. "మూడుసార్లు ఫోన్ చేశానే అక్కా" అని చెల్లెలు ఏడ్చింది. "అబద్ధాలాడకు, నా ఫోను మోగనే లేదు" అని అక్క లేచి వచ్చేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

మోగాను తల్లీ! గొంతు పగిలేలా మోగాను. వేలంపాట కేకల్లో నీకే వినపడలేదు. మూడు కాల్స్ పోయాయని తెరమీద ఇంగ్లీషులో రాసి కూడా పెట్టాను. నువ్వేదో బటన్ నొక్కావు, అది కాస్తా చెరిగిపోయింది. ఊరందరి మాటలూ మోసే నాకు నా మాట ఒక్కటి చెప్పుకునే యోగం లేదు. తల బాదుకుందామంటే చేతులూ లేవు.

ఇలా ఉండగా వీర్రాజు ఎవరో వాడి వదిలేసిన టచ్ ఫోన్ ఒకటి తెచ్చాడు. పూలబుట్ట మీద మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టాడు. పనులు మానుకుని మార్కెట్ అంతా మూగింది. అది ఎర్రగా బుర్రగా ఉంది, ఒళ్ళంతా అద్దమే. వెనక కెమెరా, తెరమీద గీకడానికని పక్కన గుచ్చిన ప్లాస్టిక్ పుల్ల. "ఇదేంటి, పళ్ళు కుట్టుకోడానికా?" అంది బంతిపూల సత్తెమ్మ. బరువు చూశారు, సౌండు చూశారు. సౌండులో నేనే గెలిచాను, బ్యాటరీలోనూ నేనే. "ఈ నల్లదాన్ని కాలవలో ఏసినా బతుకుద్ది" అంది సత్తెమ్మ. నేను పొంగిపోయేలోగా వీర్రాజు నన్ను నిజంగానే నేలమీద పడేసి చూపించాడు. డొప్ప ఒక పక్కకి, బ్యాటరీ ఒక పక్కకి. మెచ్చుకోవడం కూడా చేతకాదు ఈ మనుషులకు! దాన్ని పడేసి చూడరేం? పగిలిపోతుందట. పగిలేది గొప్పదీ, పగలనిది నాటుదీనా?

"ఇందులో నొక్కులు లెక్కెట్టక్కర్లేదే. మొకం చూసి ముట్టుకోడవే" అన్నాడు పెళ్ళాంతో. నాలోని నంబర్లు ఒక్కొక్కటీ చూసి, ఫోటోలతో సహా దాంట్లోకి ఎక్కిస్తూ ఏడోదాని దగ్గర ఆగాడు.

"చిన్నమ్మలిది. ఉంచనా, తీసెయ్యనా?"

నూకరత్నం దండ కడుతున్న చెయ్యి ఆపలేదు. "నీ ఇట్టం" అంది.

తీసెయ్యమని ఎందుకనలేదు మరి? ఉంచమని నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయింది? ఒళ్ళు మండిపోయింది నాకు. వీర్రాజు కొంచెం నయం. ఆటో అద్దం దగ్గర అంటించిన తన పెళ్ళి ఫోటోలో, పక్కన నిలబడ్డ చిన్నమ్మలు మొహాన్ని కెమెరాతో తీసి ఆ నంబరుకు తగిలించాడు. తర్వాత నాలోంచి సిమ్ము పీకి దానికి పెట్టి, నన్ను ఖాళీ బుట్టలో పడేసి బేరానికి వెళ్ళిపోయాడు.

నూకరత్నం దాన్ని తడి చేతుల్తోనే తీసుకుంది. ఒక్కో మొహం చూస్తూ చెల్లెలి దగ్గర ఆగింది. చేమంతుల నీళ్ళచుక్క సరిగ్గా ఆ పిల్ల చెంప మీద పడింది. చీర చెంగుతో తుడిచింది. పోలేదనుకుందేమో, ఇంకా గట్టిగా తుడిచింది.

అది టచ్ ఫోనమ్మా! తుడిస్తే కాల్ వెళ్ళిపోతుంది!

వెళ్ళింది. నా దగ్గరైతే ఎర్ర బటన్ నొక్కి తప్పించుకునేది. ఆ అద్దం మీద ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఆవిడకు తెలియదు. అవతల ఎత్తేశారు. దిక్కుతోచక చెవికి ఆనించుకుంది.

"నేనేనే... లేదే, నీ మొకం తుడుత్తుంటే ఎళ్ళిపోయింది." కాసేపు వింది. "చేశానంటన్నావు కదా. చేసే ఉంటావులేవే. నాకే ఇనపళ్ళేదేమో." మళ్ళీ వింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ లేని వైపు తిరిగి అడిగింది: "అమ్మ ఆకర్న నా పేరెత్తిందా?"

సిమ్ము లేని ఫోన్ని, అవతలి మాట నాకెలా తెలుస్తుంది? నూకరత్నం చాలాసేపు వింటూ కూర్చుంది. ఒళ్ళోని దండ జారి కింద పడినా చూసుకోలేదు.

ఇప్పుడు నేను వాళ్ళింటి కిటికీలో రేడియోని. ఆదివారాలు చిన్నమ్మలు వస్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ నా ఎదురుగానే కూర్చుని దండలు కడతారు. సత్తెమ్మ కోడలి సంగతీ, లిల్లీల ధరా, ఊళ్ళో ఉన్న సోదంతా చెప్పుకుంటారు. ఆ రోజు చెల్లెలు ఏం జవాబు చెప్పిందో ఇద్దరికీ తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ముందు అనుకోవచ్చుగా!